రంగులు పోయిన వైర్లు

శ్రీవారికి,

మీ ఎక్స్ఛేంజీ నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. అక్కడ మీ కంటి మంట తగ్గిందనీ, రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోందనీ వినాలని ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది పక్క మంచం మాస్టారే కాబట్టి ముందు వారికి కూడా నమస్కారాలు. మాస్టారూ, పోయిన ఉత్తరంలో మీ దస్తూరీ చూసి అత్తయ్య మురిసిపోయారు. అయితే ఒక్క మాట. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయకుండా మీరు అక్కడక్కడా మెత్తబరిచారు. ఆయన "ఆ షెడ్డుని తగలెయ్" అని ఉంటారు. మీరు "షెడ్డు విషయము ఇక వదిలివేయుము" అని రాశారు. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా? ఇక ఎక్స్ఛేంజీ ఏమిటా అని మీరు అనుకుంటూ ఉంటారు. పెళ్లికి ముందు నుంచీ నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని చేసేదాన్ని. అది మూతపడి ఇంట్లో కూర్చున్నాక ఈయన నాకా పేరు తగిలించారు. కోపం వస్తే "లైను ఎంగేజ్" అంటారు. అదీ సంగతి.

ఇక మీ ప్రశ్నలకి జవాబులు. వానకి షెడ్డు కప్పు కారుతోందా అని అడిగారు. కారుతోంది, కానీ మునుపు కారిన చోటే. కింద మీరు పెట్టిన బకెట్టే ఉంది. మీ పనిబల్ల మీదా, బండ్ల వైర్ల చుట్టల మీదా ఒక్క చుక్క పడలేదు. అత్తయ్య మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగారు. వేసుకుంటున్నారు. తెల్లది వేసుకుని పచ్చది దాచేస్తున్నారని ఈ మధ్యే కనిపెట్టాను. అడిగితే "పచ్చది వాడికి ఉంచుతున్నా, కళ్లకి మంచిదేమో" అన్నారు. అది మోకాళ్ల నొప్పి మాత్ర అని చెప్పి దగ్గరుండి మింగించాను.

మూడోది, పక్కన స్పేరుపార్టుల షాపాయనకి షెడ్డు తాళంచెవి ఇచ్చేశానా అని అడిగారు. దానికి జవాబు ఇంకొంచెం ఆగి రాస్తాను. మాస్టారూ, దయచేసి పేజీలు తిప్పి ముందే చూడకండి. ముందు జరిగింది ముందే వినాలి.

ఈత కోచ్ గారు గుర్తున్నారు కదా? చిన్న పసుపుపచ్చ స్పోర్ట్స్ బండి ఆవిడది. రెండే సీట్లు, కూర్చుంటే చెయ్యి రోడ్డుకి తగిలేట్టు ఉంటుంది. మన పెళ్లి కంటే పాత బండి. తన సంపాదనతో మొదట కొనుక్కున్నది అదేనట, అందుకే అమ్మలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆ బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. తలుపులు సగమే తీసి ఉంచాను, బూజు దులుపుతున్నాను. ఆవిడ లోపలికి తొంగిచూసి మీ కోసం అడిగారు.

బ్యాటరీ పేలిన సంగతి ఆవిడకి తెలియదు. చెప్పాను. యాసిడ్ కళ్లలో పడిందనీ, పెద్దాసుపత్రికి పంపారనీ, చూపు నిలబడిందనీ చెప్పాను. ఇంకో ముక్క కూడా చెప్పాను. ఆకుపచ్చకీ నీలానికీ, ఎరుపుకీ గోధుమరంగుకీ తేడా ఇక మునుపటిలా తెలియకపోవచ్చని డాక్టర్లు అన్నారని. మీరు వద్దంటారని తెలుసు, కానీ ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. ఆవిడ తాళాలు సంచీలో వేసుకున్నారు. తర్వాత, "సరేనమ్మా, ఆయన్ని జాగ్రత్తగా చూసుకోండి" అని వెనక్కి తిరిగారు.

"ఇంతకీ బండికి ఏమైందండీ?" అని అడిగాను. ఊరికే, మర్యాదకి అడిగిన మాట అది.

ఏమైందంటే, పాతబండ్లవాళ్లందరూ ఏడాదికోసారి కొండ మీదికి వరసగా నడుపుకుంటూ వెళ్తారట. పోయిన ఏడు సగం కొండ ఎక్కేసరికి ఆవిడ బండిలో వేడి చూపించే ముల్లు గబగబా పైకి పోయి ఎర్రగీత దాటేసింది. ఇంజను కాలిపోతుందని భయపడి ఆవిడ పక్కకి తీసి ఆపేశారు. వెనక వచ్చినవాళ్లంతా చేతులూపుతూ దాటిపోయారు. తీరా బానెట్ ఎత్తి చూస్తే ఇంజను మామూలుగానే ఉంది. అప్పటి నుంచీ ఒక షెడ్డులో మీటరు మార్చారు, ఇంకో షెడ్డులో సెన్సారు మార్చారు, మరోచోట రేడియేటరే మార్చేశారు. ముల్లు మాత్రం దాని ఇష్టం వచ్చినప్పుడు ఎక్కుతూనే ఉంది. ఈ ఏడు ప్రయాణం వచ్చే ఆదివారమే.

"ఈసారి సగంలో ఆగిపోతే ఇంక దీన్ని నడపను. గ్యారేజీలో బట్ట కప్పి పెట్టేస్తాను. నమ్మకం లేని బండితో ఎన్నాళ్లు?" అన్నారు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకు తగిలిందో మీకు చెప్పక్కర్లేదు. "బండి ఉంచి వెళ్లండి, చూస్తాను" అన్నాను.

"ఎవరు చూస్తారు?"

"నేనే."

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూశారు. "మీకు ఈ పని వచ్చా?" అని సూటిగా అడిగారు.

"ఈ పని రాదు. వైర్ల పని వచ్చు. చెడగొట్టను, అది మాత్రం మాటిస్తాను."

ఆవిడ నవ్వారు. "నీళ్లలోకి మొదటిసారి దిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటేనమ్మా. ముందు ఊపిరి వదలండి. మీరు బిగబట్టేశారు" అన్నారు. నిజంగానే బిగబట్టాను. తాళాలు నా చేతిలో పెట్టి ఆవిడ నడిచి వెళ్లిపోయారు.

ఇక చూడండి నా అవస్థ. తలుపులు బార్లా తీసి బండిని లోపలికి తోశాం, నేనూ అత్తయ్యా. అవును, అత్తయ్య కూడా. వద్దంటే వింటారా? "నా కొడుకు షెడ్డులో నేను చెయ్యి వేస్తే నీకేమిటే" అన్నారు.

ముందు జబ్బు ఎలా ఉందో చూద్దామని ఇంజను ఆన్ చేసి కూర్చున్నాను. ముల్లు మెల్లగా మధ్యకి వచ్చి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది, ఏ తప్పూ లేదు. తర్వాత లైట్లు వేశాను. అంతే, నిద్ర లేచినట్టు ముల్లు మెల్లమెల్లగా పైకి జరగడం మొదలుపెట్టింది. పెట్రోలు ముల్లు కూడా దానితోపాటే లేచింది. లైట్లు ఆపితే రెండూ దిగాయి. సిగ్నల్ లైటు వేస్తే అది వెలిగిన ప్రతిసారీ ఇంజను చుట్లు చూపించే మీటరు ముల్లు చిన్నగా వణికింది.

మీరు ఎవరికో చెబుతుంటే విన్న మాట గుర్తొచ్చింది. ఒక్క ముల్లు తప్పు చూపిస్తే ఆ మీటరునో దాని సెన్సారునో చూడాలి, రెండు ముళ్లూ కలిసి లేస్తే వాటికి కరెంటు పంచే చిన్న డబ్బాని చూడాలి అని. ఆ డబ్బాలు మీ సొరుగులో ఉన్నాయి. ఒకటి తీసి మార్చాను. ఎంత సంబరపడ్డానో! అత్తయ్యని పిలిచి మరీ చూపించాను. లైట్లు వేశాను. ముల్లు మళ్లీ లేచింది.

"ఈ డబ్బా కూడా దాని చుట్టమేనేమో" అన్నారు అత్తయ్య.

నాకు నవ్వు రాలేదు. డాష్‌బోర్డు కింద తల దూర్చి టార్చి వేసి చూశాను. ఏమండీ, మీరు రోజూ ఆ చీకట్లో తల పెట్టి ఎలా పని చేశారో! మెడ పట్టేసింది, దుమ్ము కళ్లలో పడింది. అసలు సంగతి అది కాదు. మీ గోడ మీద వైర్ల రంగుల పటం ఒకటి ఉంది కదా, దాన్ని చూసుకుంటూ పని చేద్దామనుకున్నాను. కింద చూస్తే రంగులు ఏవీ? నూనే దుమ్మూ వేడీ కలిసి అన్నిటినీ ఒకే మట్టిరంగు చేసేశాయి. రంగు కనిపించిన నాలుగైదు కూడా నమ్మేట్టు లేవు. ఎప్పుడో బాగుచేసిన ఒకాయన దేనికి బదులైనా ఎర్ర వైరే వేసుకుంటూ పోయాడు. హారనుకీ ఎరుపే, లైటుకీ ఎరుపే, ఎర్త్‌కీ ఎరుపే.

ఆ సాయంత్రం మీకు ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. ఏమని రాయను? మంచం మీద ఉన్న మనిషికి ఇంకో బెంగ పెట్టడం తప్ప.

పొద్దున్న లేచాక బుర్ర పనిచేసింది. ఎక్స్ఛేంజీలో కేబుల్ గుంటల్లోకి దిగినప్పుడు మాకు మాత్రం రంగులు కనిపించేవా? సీసపు తొడుగు విప్పితే లోపల కాగితం చుట్టిన తీగలు, వందలకి వందలు, అన్నీ ఒకేలా ఉండేవి. ఒక చివర ఒకరు మోత పంపేవారు, రెండో చివర నేను చెవి పెట్టి వెతికేదాన్ని. కంటితో చేసిన పని కాదు అది. అప్పుడు చెవితో చేసిన పని ఇప్పుడు ఎందుకు చెయ్యకూడదు?

మీ మల్టీమీటరుని, రెండు చివరలూ ఒకే వైరుకి తగిలితే మోగేట్టు పెట్టాను. బ్యాటరీ తీగ విప్పేసి, మల్టీమీటరు తీగ ఒకటి డాష్‌బోర్డు మీటరు వెనక పెట్టి, రెండోది ఒక్కో వైరుకీ తాకించుకుంటూ పోయాను. మోగిన వైరుకి అత్తయ్య ఇచ్చిన లావు దారం కట్టాను. లైట్లదానికి ఒక ముడి, పెట్రోలుదానికి రెండు ముళ్లు, ఫ్యూజు నుంచి మీటర్లకి కరెంటు తెచ్చేదానికి మూడు, ఎర్త్‌కి ముడి లేకుండా ఉచ్చు. కాసేపటికి టార్చి ఆపేశాను. వేళ్లతో తడిమితే చాలు, ఏది ఏదో తెలిసిపోతోంది. మాస్టారూ, ఈ ముక్క ఆయనకి ఇంకోసారి చదవండి.

తర్వాత బ్యాటరీ తీగ బిగించి అసలు పరీక్ష పెట్టాను. అత్తయ్యని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. ఆ సీటు ఎంత కిందికి ఉంటుందో మీకు తెలుసు కదా, కూర్చోవడం బాగానే కూర్చున్నారు. నేను మల్టీమీటరు నల్లతీగ బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఎర్రతీగ వేడి మీటరు ఒంటికి ఆనించాను. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా రావాలి.

"లైట్లు వెయ్యండి అత్తయ్యా."

"పెద్దవా, చిన్నవా?"

"ఏవైనా సరే."

"అయితే రెండూ వేస్తా" అని టక్కున వేశారు. మల్టీమీటరులో ఒకటిన్నర ఓల్టు! డాష్‌బోర్డు బల్బుల కరెంటుకి తిరిగి వెళ్లే దారి సరిగ్గా లేదన్నమాట. ఆ కరెంటు అక్కడే పోగుపడి, మీటర్లకి కరెంటు పంచే డబ్బాని తప్పుదారి పట్టిస్తోంది. మీ సొరుగులోంచి పొడవాటి తీగ ఒకటి తెచ్చి, మీటరు ఒంటి నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి తగిలించాను. ముల్లు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. అది బద్ధకపు ముల్లు కదా, దిగేదాకా ఇద్దరం గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాం. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ముల్లు మధ్యకి వచ్చి ఆగింది.

"దిగిందే!" అని అత్తయ్య హారన్ కొట్టారు. వీధిలో వాళ్లంతా చూశారు. ఆవిడని ఆ సీట్లోంచి బయటికి లాగడానికి నేనొక్కదాన్నే సరిపోలేదు, టీ కొట్టతను వచ్చి పట్టుకోవలసి వచ్చింది. ఆ సంగతి మీకు రాయొద్దన్నారు. రాస్తున్నాను.

ఉచ్చు కట్టిన వైరు పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పోతే, అది డాష్‌బోర్డు వెనక రేకుకి బిగించిన ఒక బోల్టు దగ్గర ఆగింది. బోల్టు గట్టిగానే ఉంది. కానీ దాని కింద రేకు నున్నగా, జారుడుగా తగిలింది. టార్చి వేసి చూస్తే పసుపుపచ్చ పెయింటు! బండికి కొత్త రంగు వేయించినప్పుడు లోపల కూడా అందంగా పూసేసి, ఆ పెయింటు మీదే ఎర్త్ బిగించేశారు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది రేకు తళతళలాడేదాకా గీకాను. బిగించి మళ్లీ మల్టీమీటరు పెడితే సున్నా పక్కన ఏదో చిన్న అంకె. చుట్లు చూపించే ముల్లుకి సిగ్నల్ వణుకు కూడా పోయింది. నేల మీద కూర్చుండిపోయాను. ఎక్స్ఛేంజీ మూసిన రోజు నుంచీ నా చేతులకి అలాంటి సంతోషం దొరకలేదు.

అంతటితో అయిపోతే బాగానే ఉండేది. శుక్రవారం కోచ్ గారు వచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. వీధి చివర ఎడమకి తిప్పారో లేదో, డాష్‌బోర్డు మొత్తం ఆరిపోయింది. ముళ్లన్నీ పడుకున్నాయి. ఫ్యూజు పోయింది. వేరేది వేశాను. కాస్త దూరం పోయి మళ్లీ తిప్పగానే అదీ పోయింది. ఇంకెక్కడ వైరు కాలుతుందోనని ఇంజను ఆపేసి, చివరికి ఇద్దరం బండిని వెనక్కి తోసుకుంటూ షెడ్డుకి వచ్చాం.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా అనిపించింది. "పోనీలెండి, మీరు చెయ్యగలిగింది చేశారు. ఈ ఏడు వెళ్లనులెండి" అన్నారు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. సరిగ్గా అప్పుడే పక్క షాపాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు పాపం, మర్యాదగానే మాట్లాడాడు. "షెడ్డు నాకు ఇచ్చేస్తున్నామనీ, తాళంచెవి ఇవాళ తీసుకోమనీ అన్నయ్యగారు ఉత్తరం రాయించారమ్మా. మీకెందుకు ఈ గ్రీజు పని, చేతులు చూడండి ఎలా అయ్యాయో. ఆయన తిరిగొచ్చినా ఈ వైర్ల పని కష్టం కదా, రంగులే తెలియనప్పుడు" అన్నాడు.

తాళంచెవి నా దగ్గరే ఉంది. మీరు చెప్పారు, ఇవ్వాలి. ఇవ్వడానికే అనుకుంటా, చెయ్యి కొంగు ముడి దాకా పోయింది. కోచ్ గారు నా వైపు చూస్తున్నారు, అత్తయ్య చూస్తున్నారు. ఆయన చివరన్న మాట ఒక్కటి నాకు మింగుడుపడలేదు. రంగులు తెలియకపోతే పని చెయ్యలేరట! మరి నేను ఈ నాలుగు రోజులూ చేసింది ఏమిటి?

"అన్నయ్యా, ఈ షెడ్డు ఇవ్వడం లేదు. అనవసరంగా మిమ్మల్ని తిప్పించినందుకు ఏమీ అనుకోకండి" అన్నాను.

"అన్నయ్యగారు ఒప్పుకున్నారు కదమ్మా."

"ఆయన ఆసుపత్రి మంచం మీద ఒప్పుకున్నారు. పనిబల్ల దగ్గర నిలబడి ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం."

ఇదండీ నేను ఇందాకటి నుంచీ దాచుకొస్తున్న మాట. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారు. తప్పంటే తప్పే, కానీ ఇవాళ మళ్లీ వచ్చి అడిగినా ఆ మాటే చెబుతాను. ఆయన "సరేనమ్మా, మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. మర్నాడు ఫ్యూజుల పెట్టె ఒకటి పంపించాడు. అందుకే చెడ్డవాడు కాదన్నాను.

ఆయన అటు వెళ్లగానే కోచ్ గారి వైపు తిరిగి, "మీరు ఇంటికి వెళ్లకండి. స్టీరింగ్ దగ్గర కూర్చోండి" అన్నాను. నా గొంతు విని ఆవిడ మారు మాట్లాడకుండా కూర్చున్నారు. ఫ్యూజు ఉండాల్సిన చోట మీ బజరు తగిలించాను. ఎక్కడైనా వైరు రేకుకి తగిలితే ఫ్యూజు పోయే బదులు అది గట్టిగా మోగుతుంది. "మెల్లగా కుడికి తిప్పండి" అన్నాను. మామూలుగా పోయే కరెంటుకి చిన్నగా సణుగుతోంది, అంతే. "ఇప్పుడు ఎడమకి." సగం తిప్పేసరికి గుయ్‌మని అరిచింది. "అక్కడే ఆపండి, కదలొద్దు."

నేను తల కిందికి పెట్టి, కళ్లు మూసుకుని, వైర్ల కట్టని ఒక్కో చోట మెల్లగా ఎత్తుతూ పోయాను. స్టీరింగ్ కడ్డీని పట్టి ఉంచే రేకు దగ్గర ఎత్తగానే మోత తగ్గింది. వదిలితే మళ్లీ అరిచింది. దారం మూడు ముళ్లు వేసిన వైరు, మీటర్లకి కరెంటు తెచ్చేదే! దాని తొడుగు ఒరుసుకుపోయి రాగి బయటపడింది. చాలా ఏళ్లుగా ఒరుసుకుంటున్నదే, నేను వెతకడంలో కట్టని కాస్త పక్కకి లాగాను కాబట్టి ఇప్పుడు తగిలింది. నా చేతి పొరపాటేనని ఆవిడకి చెప్పేశాను.

"మీరు లాగకపోతే ఇదే ఆదివారం కొండ మలుపులో తగిలేదేమో. ఇక్కడే తగలడం మంచిదైంది" అన్నారావిడ. వైరు అతికి, కొత్త తొడుగు ఎక్కించి, స్టీరింగ్‌కి అందకుండా దూరంగా కట్టాను. ఎడమకీ కుడికీ ఎన్నిసార్లు తిప్పించానో లెక్క లేదు. ఆవిడ చేతులు నొప్పెట్టాయన్నారు. రోజూ ఈత కొట్టే చేతులు!

ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు. పక్క సీటు ఖాళీగా పోవడం బాగుండదట. మీరు ఆసుపత్రిలో ఉంటే నేను షికారు వెళ్లడమేమిటని వద్దన్నాను. అత్తయ్యే నా చేతికి మీ పనిముట్ల సంచీ ఇచ్చి, "షికారు కాదు, డ్యూటీ. వెళ్లు" అన్నారు.

ఏమండీ, ఎలా చెప్పను? ఆ బండి మోత అలా వీపులోకి వస్తుందని మీరెప్పుడూ చెప్పలేదేం? ముందూ వెనకా పాత బండ్లే, ఒక్కోటీ ఒక్కో గొంతు. కొండ సగం ఎక్కేసరికి మంచు కమ్మేసింది. ఎదురుగా ఏమీ కనిపించడం లేదు. పోయిన ఏడు ఆవిడ ఆగిపోయింది కూడా ఇలాంటి మంచులోనే, లైట్లు వేశాకే. ఆవిడ నా వైపు చూడకుండా, "వేస్తున్నానమ్మా" అన్నారు. లైట్లు వేశారు.

నేను రోడ్డు చూడలేదు. ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ఒక మలుపు, ఇంకో మలుపు. ఎడమ మలుపు వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి పనిముట్ల సంచీ మీదికి పోయేది. ముల్లు మాత్రం మధ్యలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. రోడ్డు నిటారుగా ఎక్కే చోట నిజంగా ఇంజను వేడెక్కి వెంట్రుకవాసి పైకి జరిగింది, చదును రాగానే తిరిగి దిగింది. అలా నిజం చెప్పే ముల్లుని చూస్తే ఏడుపొచ్చింది. కోచ్ గారు పాట అందుకున్నారు. ఆవిడ గొంతు ఏమీ బాగుండదు, అయినా పైదాకా పాడుతూనే ఉన్నారు.

పైన బండ్లన్నీ ఆపాక జనం చుట్టూ చేరారు. పోయినసారి చేతులూపుకుంటూ దాటిపోయినవాళ్లే వచ్చి, ఎవరు బాగుచేశారని అడిగారు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఈవిడే మా ఎలక్ట్రీషియన్" అన్నారు. ఒక పెద్దాయన ఏ షెడ్డు అని అడిగితే మీ షెడ్డు పేరు చెప్పాను. "ఓ, ఆయన షెడ్డా! అనుకున్నాలే" అన్నాడు. ఆ మాటకి నా కాళ్లు నేల మీద ఆనలేదు. మీ పేరు అంత ఎత్తున, ఆ చలిలో, ముక్కూమొహం తెలియని మనిషి నోట వినడం! నా మీద నాకు గర్వం ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా ఉంది. దానికి పదిరెట్లు మీ మీద ఉంది. సొరుగుల్లో ఏది ఎక్కడుండాలో అక్కడ పెట్టింది మీరు. ఎవరితోనో మీరు చెబుతుంటే చెవిన పడ్డ మాటలే నన్ను దారిలో పెట్టాయి. నేను చేసిందల్లా చెవి తెరిచి ఉంచడమే.

అందుకని రంగుల గురించి ఇంక బెంగపడకండి. కొత్త బండ్లకి నా కళ్లున్నాయి, మీరు అడిగితే ఏ రంగో చెబుతాను. పాతబండ్లకి కళ్లతో పని లేదని నా చేతులతో నేనే చూశాను. మీ వేళ్లకి నా వేళ్ల కంటే ఎక్కువ తెలుసు. ఎన్నాళ్లుగా తెలుసో లెక్క చూసుకోండి.

అదీకాక, మీతో నాకు పని పడింది. కొండ మీద అడిగిన పెద్దాయన నిన్న తన బండి తెచ్చి వదిలి వెళ్లాడు. చుట్లు చూపించే ముల్లు ఒక వేగం దాటాక పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది. ఎర్త్ చూశాను, బాగుంది. వైర్లు ఊపి చూశాను, ఎక్కడా మోగలేదు. సిగ్నల్‌తో సంబంధం లేదు, లైట్లతో సంబంధం లేదు. ఇంజను మోత మాత్రం మారడం లేదు, ముల్లు ఒక్కటే కొట్టుకుంటోంది. ఇది నా వల్ల కావడం లేదు. ఆయనకి తొందర లేదట, మీరు వచ్చేదాకా ఉంచుతానన్నాడు. ముందు ఎక్కడ చూడమంటారో మాస్టారు చేత రాయించి పంపండి. ఈసారి మెత్తబరచొద్దని ఆయనకి చెప్పండి. తిట్టాలనుంటే తిట్టిన మాటలు కూడా ఉన్నదున్నట్టు రాయించండి. తిట్టుకి తిట్టు, జవాబుకి జవాబు.

అత్తయ్య ఆశీస్సులు చెప్పమన్నారు. టీ కొట్టతని సంగతి మాత్రం మీకు తెలియనట్టే ఉండాలి.

ఇట్లు,
మీ జవాబు కోసం బండి బానెట్ ఎత్తి కూర్చున్న
మీ ఇల్లాలు